పదుల జత

బండోడికి ఆ పేరు పెట్టింది యార్డు. పాత ఓడల్ని ఒడ్డుకు లాగి ముక్కలుగా కోసే ఆ యార్డులో చేరిన మొదటి ఏడాదే అతను ఒక మేస్త్రీ దవడ విరగ్గొట్టాడు. రెండో ఏడాది ఇద్దరి పళ్ళు రాలగొట్టాడు. కొట్టేటప్పుడు అతని చెవులకు ఏదీ ఎక్కదని, చాలు చాలు అని ఎంత మంది అరిచినా ఆగడని అందరికీ తెలుసు. పెళ్ళయ్యాక నెమ్మదించాడని అనుకున్నారు. నిజానికి అతనికి కొట్టే అవసరమే తగ్గిపోయింది. ఎదురుపడితే జనం పక్కకు తప్పుకునేవారు.

భార్య తమ్ముడు కూడా అతని జట్టులోనే గ్యాసు మంటతో ఇనుము కోసే కట్టరు. సన్నటి మనిషి, ముప్పై ఏళ్ళవాడు, పౌరుషం మాత్రం ఒంటికి మించి ఉండేది. నెల కిందట చమురు ట్యాంకులో దిగి, అడుగున పేరుకున్న మడ్డి తోడుతూ ఆవిరికి స్పృహ తప్పి పడిపోయాడు. నడుముకు కట్టిన తాడు పట్టుకుని పైకి లాగితే ఆ లాగుడుకే రెండు పక్కటెముకలు చిట్లాయి. పైకి వచ్చేసరికి మొహం నీలంగా ఉంది. పదిహేను రోజులు మంచం మీద ఉండి మళ్ళీ పనిలోకి వచ్చాడు. దగ్గితే రుమాల్లో ఎర్రటి చుక్కలు పడేవి. ట్యాంకులో దిగితే ఈసారి శవాన్ని లాగాల్సి వస్తుందని డాక్టరు తేల్చి చెప్పాడు.

ట్యాంకు పని అంటే అందరికీ హడలే. మడ్డి మొత్తం తోడి, తుడిచి, గాలి పెట్టాక గానీ ఇనుము మీద మంట పెట్టడానికి లేదు. కొంచెం మిగిలినా ఒక్క నిప్పురవ్వకు ట్యాంకంతా పేలుతుంది. జట్టులో ఆరుగురు. వారానికి మనిషికి ఆరు గంటలు లోపల. ఆ గంటల కోసం ఒకప్పుడు రోజూ తన్నుకునేవారు. ఒకసారి గునపాలు తీశారు, ఒకడి తల పగిలింది. ఆ తల పగిలినవాడు చచ్చిపోయాక వించి తాత పేకముక్కల కట్ట తెచ్చి బల్ల మీద పడేశాడు.

వించి తాత ఓడను ఒడ్డుకు లాగే వించి యంత్రం నడుపుతాడు. కుర్రతనంలో ప్రయాణికుల ఓడల్లో పనిచేసి ఈ ఆట నేర్చుకున్నాడు. ఒక్కొక్కరికీ రెండేసి ముక్కలు చాటుగా పంచుతారు. బల్ల మీద ముందు మూడు ముక్కలు, తర్వాత ఒకటి, ఆఖరున ఇంకొకటి తెరుస్తారు. మొత్తం ఏడింట్లో మంచి అయిదు కుదిరినవాడిది కుప్ప. ఒక జత కంటే రెండు జతలు, వాటి కంటే ఒకే రకం మూడు ముక్కలు పెద్దవి. పందెం ఇనప వాషర్లతో. మనిషికి ఇరవై నాలుగు బిళ్ళలు, ఒక్కో బిళ్ళ ట్యాంకులో పావుగంట. పోగొట్టుకున్నవాడు అన్ని పావుగంటలు ఎక్కువ దిగాలి, గెలిచినవాడు అన్ని తక్కువ దిగుతాడు.

"ఇష్టం వచ్చినంత ఒడ్డేది లేదు. ఒకే దెబ్బకు ఒకడి వారమంతా ఊడ్చేస్తే మళ్ళీ గునపాలే" అని తాత హద్దు పెట్టాడు. చాటు ముక్కలు పంచాక ఒక విడత, బల్ల మీద తెరిచినప్పుడల్లా ఒక విడత. మొదటి రెండు విడతల్లో పందెం ఒక్క బిళ్ళ, తర్వాతి రెండింటిలో రెండు. పెంచినా అంతే పెంచాలి. విడతకు మూడుసార్లకు మించి పెంచకూడదు. వంతు వచ్చినవాడు ముందువాడి పందేనికి సరిపెట్టాలి, లేదా పెంచాలి, లేదా ముక్కలు పారేసి తప్పుకోవాలి.

ఇంకో కట్టుబాటు జట్టే పెట్టుకుంది. ఇద్దరు కూడబలుక్కుని ఆడితే ఇద్దరి కుడిచేతి వేళ్ళూ, ఒకడి మేలు కోసం ఇంకొకడు ఆడితే అలా ఆడినవాడి వేళ్ళూ బల్ల మీద పెట్టించి సమ్మెట దించుతారు. ఒకసారి దించారు కూడా. అన్నదమ్ములిద్దరు దగ్గుతో సైగలు చేసుకుని, ఒకడి తర్వాత ఒకడు పెంచుతూ దొరికిపోయారు. సమ్మెట పట్టింది జట్టులోనే ఉన్న పిల్లికళ్ళవాడు. దించేటప్పుడు వాడి కనురెప్ప కూడా కదలలేదు. ఆ అన్నదమ్ములు ఇప్పుడు ఎక్కడున్నారో ఎవరికీ తెలియదు.

ఆట రోజు పొద్దున బండోడి భార్య అతనికి టిఫిన్ డబ్బా అందిస్తూ చెయ్యి పట్టుకుంది.

"తమ్ముణ్ణి ఆటకు కూర్చోనివ్వకు."

"కూర్చోకపోతే ఆరు గంటలు దిగాలి కదే. గెలిస్తేనే వాడికి తప్పేది."

"వాడి గంటలు నువ్వు దిగు."

"అడిగాను. కంచం తీసి గోడకు కొట్టాడు. నన్ను మంచమెక్కించి నోట్లో ముద్ద పెట్టకు బావా, అన్నాడు."

ఆమె చెయ్యి వదిలేసింది. "అయితే నువ్వే ఏదో ఒకటి చెయ్యి. వాడు మాత్రం నాకు ప్రాణాలతో కావాలి" అని లోపలికి పోయింది.

మధ్యాహ్నం భోజనాల వేళ ఆరుగురూ ఓడ భోజనశాలలో చేరారు. ఓడ ముందు సగం అప్పటికే కోసేశారు. తెగిన చోటు నుంచి ఎండ నడవా గుండా గదిలోకి పడుతోంది. బల్లను నేలకు బోల్టులతో బిగించారు, బెంచీలు కూడా అంతే. గోడకు ఆక్సిజన్ సిలిండర్లు ఆనించి ఉన్నాయి, తలుపు పక్కన కొక్కేనికి సమ్మెట వేలాడుతోంది. తాత ఆడడు, ముక్కలు పంచుతాడు. పిల్లికళ్ళవాడు మొదట, వాడి ఎడమన బండోడు, అతని పక్కన బావమరిది. మిగతా ముగ్గురూ అటువైపు.

అరగంట ఆట అటూ ఇటూ సాగింది. బావమరిది మూడు బిళ్ళలు పోగొట్టుకున్నాడు. ప్రతి ఆటకూ ఆఖరిదాకా వెంటపడుతున్నాడు. ముక్కలు పారేయడమంటే ఓడిపోయినట్టు లెక్క అతనికి.

అప్పుడు తాత మళ్ళీ ముక్కలు పంచాడు. బండోడు రెండు ముక్కల మూలలు ఎత్తి చూసుకున్నాడు. ఆసు, పది. అటువైపు ఒకడు ఆట తెరుస్తూ ఒక బిళ్ళ పెట్టాడు, పిల్లికళ్ళవాడు రెండుకు పెంచాడు. బండోడు సరిపెట్టాడు, బావమరిదీ సరిపెట్టాడు. మిగిలినవాళ్ళు తప్పుకున్నారు. బల్ల మీద మూడు ముక్కలు తెరుచుకున్నాయి. రాణి, పది, నాలుగు. పిల్లికళ్ళవాడు ఒక బిళ్ళ విసిరాడు. బండోడికి పదుల జత పడింది. సరిపెట్టాడు. బావమరిది కూడా మారు మాట్లాడకుండా ఒక బిళ్ళ తోశాడు.

నాలుగో ముక్క ఆరు. ఎవరికీ పనికొచ్చేది కాదు. ఇక్కడి నుంచి పందెం రెండు బిళ్ళలు. పిల్లికళ్ళవాడు రెండు బిళ్ళలు టకటకమని పెట్టాడు.

వంతు బండోడిది. పిల్లికళ్ళవాడి దగ్గర రాణి ఉంది, అనుమానమే లేదు. పదులు దానికి చాలవు. మామూలుగానైతే రెండు బిళ్ళలు సరిపెట్టి ఇంకో పదికో ఆసుకో ఎదురుచూడాలి. కానీ సరిపెడితే పక్కనున్న బావమరిది కూడా సరిపెడతాడు. ఆఖరి విడతలోనూ పెడతాడు. అలా పోయే నాలుగు బిళ్ళలూ ఆ ఆవిరిలో ఇంకో గంట. అదే తను పెంచితే అతను ఒక్కసారిగా నాలుగు పెట్టాల్సి వస్తుంది. ఎంత మొండివాడైనా నాలుగు పెట్టి వెంటపడడు, విసుక్కుని ముక్కలు పారేస్తాడు. పోతే తన బిళ్ళలు పోతాయి.

మేలు కోసం ఆడితే ఏమవుతుందో బండోడికి గుర్తుంది. అయినా మనసులో ఏముందో ఎవరు చూడొచ్చారు? నాలుగు బిళ్ళలు ముందుకు తోశాడు.

"పెంచాను."

బావమరిది అతని వంక తిరిగి చూశాడు. చెంపల్లో రక్తం పొంగింది. తన బిళ్ళల్లోంచి ఆరు లెక్కపెట్టి కుప్ప పక్కన పెట్టాడు.

"నేనూ పెంచాను బావా."

అటువైపున్న ముగ్గురూ ముందుకు వంగారు. పిల్లికళ్ళవాడు మాత్రం ముక్కలు చూసుకోలేదు, ముందు బావ మొహం, తర్వాత బావమరిది మొహం చూశాడు. "బాగుంది. ఇటు నుంచి ఒకడు, అటు నుంచి ఒకడు" అన్నాడు. అని ఇంకో నాలుగు బిళ్ళలు పెట్టాడు.

మళ్ళీ బండోడి వంతు.

తనను చావు నుంచి తప్పించాలని పెంచిన మనిషి మీదే బావమరిది తిరిగి పెంచాడు. ఏదో గట్టి ముక్కలే ఉన్నాయి. బుద్ధున్నవాడైతే ఇప్పుడు తప్పుకోవాలి. కానీ తప్పుకుంటే ఏమనుకుంటారు? పెంచి పిల్లికళ్ళవాడి చేత అదనంగా పెట్టించాడు, బావమరిది మళ్ళీ పెంచగానే పని అయిపోయిందని జారుకున్నాడు. ఆ అన్నదమ్ములు చేసింది కూడా సరిగ్గా ఇదే. పోనీ ఇంకోసారి పెంచితే? ఆ రెండు బిళ్ళలూ బావమరిది కూడా పెట్టాలి. సరిపెడితే తనకు ఇంకో రెండు పోతాయి. కుప్పలో ఇరవై ఆరు బిళ్ళలున్నాయి. అంత కుప్ప ఎదురుగా ఉన్నప్పుడు రెండు బిళ్ళలకు వెనకాడేవాడు పిచ్చివాడని తాత ఎన్నోసార్లు చెప్పాడు. నుదుటి మీది చెమట కంట్లోకి దిగి మండింది. సరిపెట్టాడు.

తాత ఆఖరి ముక్క తెరిచాడు. ఆసు.

బండోడికి ఒళ్ళు జల్లుమంది. ఆసులు, పదులు, రెండు జతలు. పిల్లికళ్ళవాడి రాణి గంగలో కలిసింది. వాడు పందెం కట్టకుండా బల్ల మీద వేలితో తట్టి ఊరుకున్నాడు. ఆ క్షణాన బండోడికి బావమరిది గుర్తులేడు, పొద్దున చెయ్యి పట్టుకున్న భార్య గుర్తులేదు. ఇరవై ఎనిమిది బిళ్ళల కుప్ప, ఏడు గంటల వెలుతురు, గాలి. రెండు బిళ్ళలు కట్టాడు. బావమరిది నాలుగు చేశాడు. పిల్లికళ్ళవాడు ముక్కలు విసిరికొట్టాడు. రాణి ఒకటి వెల్లకిలా పడింది, రాజు బల్ల అంచు దాటి నేల మీద పడింది. బండోడు ఇంకో రెండు పెట్టి ముక్కలు తిప్పాడు. బావమరిది తనవి తిప్పాడు. రెండూ నాలుగులే. బల్ల మీది దానితో మూడు నాలుగులు. అతను రెండు చేతులతో కుప్పను దగ్గరకు లాక్కుంటుంటే దగ్గు వచ్చింది, దగ్గుతూనే నవ్వాడు. ఇంకో నాలుగు బిళ్ళలు గెలిస్తే ఆ వారం ట్యాంకు మొహం చూడక్కర్లేదు.

"ఆగు" అన్నాడు పిల్లికళ్ళవాడు. వాడి చూపు బండోడి ముక్కల మీద ఉంది. "ఆసు ఆఖర్న వచ్చింది. అంతకు ముందు నీ దగ్గరున్నది పదుల జత. పదుల జతతో నా రాణుల మీద పెంచావా?"

"పెంచాను."

"ఎందుకు?"

బండోడు నోరు తెరిచాడు. కూడబలుక్కున్నామని వాడి ఆరోపణ. అది అబద్ధం. కానీ నిజం చెబితే, అంటే బావమరిదిని తప్పించడానికే పెంచానంటే, అదీ నేరమే. దానికీ తన వేళ్ళే.

"పదులే పెద్దవనుకున్నా" అన్నాడు. ఆ మాట తన చెవులకే అతకలేదు.

"ఆరేళ్ళుగా ఆడుతున్నాడు వీడు. పదులు పెద్దవనుకున్నాడట!" పిల్లికళ్ళవాడు లేచాడు. "ఇటు ఒకడు పెంచి అటు ఒకడు పెంచి నన్ను నడుమ పెట్టి పిండారు. చేతులు పెట్టించండి."

ముగ్గురిలో ఒకడు తలుపు వేశాడు. మిగతా ఇద్దరూ బావమరిది మీద పడ్డారు.

"ఒరేయ్, ఆగండ్రా!" అని తాత అరిచాడు. "బండోడా, నిజం చెప్పు. ఒక్క మాట చెప్పు!"

బండోడు చెప్పలేదు. పిల్లికళ్ళవాడు కొక్కెం మీది సమ్మెట అందుకున్నాడు. బావమరిది మణికట్టును బల్లకు అదిమిపట్టారు. అతను గింజుకుంటుంటే చిట్లిన పక్కటెముకలు బల్ల అంచుకు గుచ్చుకుని కెవ్వుమన్నాడు. సమ్మెట లేచింది.

అంతే, బండోడి చెవులు మూసుకుపోయాయి. తల వంచి పిల్లికళ్ళవాడి పొట్టలోకి దూసుకుపోయాడు. ఇద్దరూ వెళ్ళి సిలిండర్ల మీద పడ్డారు. ఒక సిలిండరు దొర్లి గది అదిరింది. పిల్లికళ్ళవాడు చేతికి దొరికిన ఇనప తాళంతో ఎడమ చెవి మీద కొట్టాడు. తలలో ఏదో చిటుక్కుమంది, మెడ మీదుగా వెచ్చగా కారింది. బండోడు వాడి జుట్టు పట్టి మొహాన్ని గోడకేసి కొట్టాడు. ముక్కు చితికింది. ఒకడు వెనక నుంచి మెడ పట్టుకుంటే మోచేత్తో పొడిచాడు, వాడు మూలుగుతూ చతికిలబడ్డాడు. మోకాలు పిల్లికళ్ళవాడి ఛాతీ మీద వేసి, సమ్మెట లాక్కుని, వాడి కుడిచేతిని బెంచీ మీద పరిచాడు.

మొదటి దెబ్బకు ఎముక విరిగిన చప్పుడు గదిలో అందరికీ వినిపించింది. రెండో దెబ్బకు పిల్లికళ్ళవాడు పెనుగులాట మానేశాడు. వాడి కళ్ళు బండోడినే చూస్తున్నాయి, నోరు తెరిచి ఉంది, అరుపు రావడం లేదు. అప్పుడు ఆపొచ్చు. తర్వాత ఎన్ని రాత్రులు గుర్తు చేసుకున్నా బండోడి తలపు ఇక్కడే ఆగిపోయేది. ఆ రెండో దెబ్బకూ మూడో దెబ్బకూ మధ్య తనకు పూర్తిగా తెలివుంది. మూడోది వేశాడు. నాలుగు. అయిదు. చెయ్యి చెయ్యిలా లేదు.

ఆరోది వెయ్యకుండా ఆపింది బావమరిది. నీళ్ళ క్యాను ఎత్తి బావ తల వెనక బలంగా కొట్టాడు. బండోడి కళ్ళు బైర్లు కమ్మాయి, మోకాళ్ళ మీద కూలబడ్డాడు. బావమరిది క్యాను వదలకుండా అక్కడే నిలబడి ఏడుస్తున్నాడు.

"చాలు బావా. చచ్చిపోతాడు. చాలు."

పిల్లికళ్ళవాడు నిచ్చెన జారి పడ్డాడని యార్డు కాంట్రాక్టరు కాగితం మీద రాయించుకున్నాడు. ఆరుగురూ సంతకాలు పెట్టారు. పిల్లికళ్ళవాడు ఎడమ చేత్తో పెట్టాడు. ఆ సాయంత్రం తాత ముక్కల కట్టను ఓడ అంచు నుంచి నీళ్ళలోకి విసిరేశాడు. "ఇక చీట్లు తీసుకోండి. తలరాతతో ఎవరూ కూడబలుక్కోలేరు" అన్నాడు. ఆ వారానికి మాత్రం ఆట లెక్కే చెల్లింది. విరగ్గొట్టినవాడే విరిగినవాడి గంటలు దిగాలని అందరూ ఒక్క మాట మీద తేల్చారు. తనవి, పోగొట్టుకున్నవి, పిల్లికళ్ళవాడివి అన్నీ కలిపి బండోడికి పదిహేడున్నర గంటలు వచ్చాయి. బావమరిదికి ఒక్క గంట. ఆ గంటను అతను పావుగంట చొప్పున నాలుగు రోజులు దిగాడు, ప్రాణాలతో పైకి వచ్చాడు. మిగతా వేళల్లో రోజూ ట్యాంకు మూత దగ్గర కూర్చుని బావ తాడు పట్టుకునేవాడు.

మూడో రోజు బండోడు మడ్డి కారుతూ పైకి వచ్చి గాలి పీల్చుకుంటుంటే బావమరిది అతని కుడిచెవి వైపు వంగి అడిగాడు. ఎడమది అప్పటికే పనిచెయ్యడం లేదు.

"అప్పుడు ఎందుకు పెంచావు బావా?"

"నిన్ను తప్పించడానికి."

బావమరిది తాడు వేళ్ళకు చుట్టుకున్నాడు. "నా దగ్గర మూడు నాలుగులున్నాయని తెలిస్తే?"

"పారేసి కూర్చునేవాణ్ణి."

"అదీ మోసమే కదా."

"అదీ మోసమే."

"నా ముక్కలు ఎప్పుడూ చచ్చు ముక్కలేనని ఎలా అనుకున్నావు?" అని అడిగాడు బావమరిది. గొంతులో కోపం ఉంది. బండోడు మూతిగుడ్డ కట్టుకుని మళ్ళీ లోపలికి దిగాడు.

గంటలన్నీ పూర్తయిన రోజు అతను ఒంటిని కిరోసిన్‌తో రుద్ది కడుక్కుని ఆసుపత్రికి వెళ్ళాడు. వద్దని భార్య తలుపుకు అడ్డం నిలబడింది. "నీ మొహం చూస్తే వాడికి మళ్ళీ జ్వరం వస్తుంది" అంది. ఆమెను మెల్లగా పక్కకు జరిపి వెళ్ళాడు.

పిల్లికళ్ళవాడి మంచం కిటికీ పక్కన. కుడిచేతికి మోచేతి దాకా కట్టు. పక్కన భార్య స్టీలు గ్లాసులో పాలు పట్టుకుని నిలబడింది. బండోడిని చూడగానే ఆమె మంచానికి అడ్డంగా వచ్చింది.

"కొట్టడానికి రాలేదమ్మా" అన్నాడు బండోడు. తర్వాత మంచం మీది మనిషితో అన్నాడు. "మేం కూడబలుక్కోలేదు. బావమరిదిని ఆటలోంచి తప్పిద్దామని పెంచాను. వాడు తిరిగి పెంచుతాడని నాకు తెలియదు. తప్పు నాది, నా ఒక్కడిదే."

పిల్లికళ్ళవాడు కళ్ళార్పకుండా విన్నాడు. "ఆ రోజు తాత అడిగాడు కదా. ఎందుకు చెప్పలేదు?"

"చెబితే వేళ్ళు పోయేవి."

"ఎవరి వేళ్ళు?"

"నావి."

"నీ వేళ్ళే కదా" అన్నాడు పిల్లికళ్ళవాడు. ఎడమ చెయ్యి చాచి భార్య చేతిలోని గ్లాసు లాక్కుని బండోడి మొహం మీదకు విసిరికొట్టాడు. గ్లాసు అంచు కనుబొమ్మ మీద తగిలి చర్మం చీలింది. వేడి పాలు, రక్తం కలిసి చొక్కా మీదకు కారాయి. బండోడి పిడికిళ్ళు వాటంతట అవే బిగుసుకున్నాయి. పిల్లికళ్ళవాడు గడ్డం పైకెత్తి దెబ్బ కోసం ఎదురుచూశాడు. వాడి భార్య చెవులు మూసుకుంది.

గదిలో ప్రతి చప్పుడూ బండోడికి వినిపిస్తోంది. పక్క మంచం మీద ఎవరో మూలుగుతున్నారు, నడవాలో చక్రాల బండి కిర్రుమంటోంది. అతను చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నాడు.

"ఇంకోటి విసురు" అన్నాడు.

పిల్లికళ్ళవాడు మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు. "పో" అన్నాడు.

ఆ చెయ్యి మళ్ళీ ఇనుము కోసే మంట గొట్టం పట్టుకోలేదు. మూడు నెలల తర్వాత కాంట్రాక్టరు వాణ్ణి గేటు దగ్గర ఇనుము లారీలు, కూలీల హాజరు పలక మీద రాసుకునే పనిలో పెట్టాడు. ఎడమ చేత్తో రాయడం వాడు నెమ్మదిగా నేర్చుకున్నాడు. పొద్దున షిఫ్టుకు వెళ్ళేటప్పుడు జట్టంతా ఆ గేటు గుండానే వెళ్ళాలి. బావమరిది వాడికి నమస్కారం పెట్టేవాడు, వాడు తల ఊపేవాడు. వెనక వచ్చే బండోడిని మాత్రం వాడు చూసేవాడు కాదు. బండోడు పలక మీద తన పేరెదురుగా గీత పడేదాకా ఆగి, పడ్డాక లోపలికి నడిచేవాడు.